బెత్తమూ బస్సు ప్రయాణమూ: 1970, 80లలో బ్రిటన్ బడుల జ్ఞాపకాలు

లోయఇల్లు:

సభ్యులందరికీ నమస్కారం. 1970, 80 దశకాల్లో బ్రిటన్‌లో బడికి వెళ్ళిన తెలుగువారు ఈ వేదికలో కొందరైనా ఉన్నారని తెలుసు. మనలో ఎక్కువమంది జాతీయ ఆరోగ్య సేవలో పనిచేయడానికి వచ్చిన వైద్యుల పిల్లలం. స్థానిక వైద్యులు వెళ్ళడానికి ఇష్టపడని గనుల పట్టణాల్లో, మిల్లు పట్టణాల్లో మన తల్లిదండ్రులకు ఉద్యోగాలు దొరికాయి కనుక మన చదువులూ అక్కడి మామూలు ప్రభుత్వ బడుల్లోనే సాగాయి. ఆ బడుల్లోని దండన గురించీ, విహారయాత్రల గురించీ మీ అనుభవాలు వినాలని ఉంది. ఈ రెండింటినీ కలిపి అడగడానికి కారణం, రెండూ నాకు ఒకే మనిషి ద్వారా తెలిసినవి కావడమే.

నేను దక్షిణ వేల్స్‌లో చదివాను. బ్లేనావాన్‌లోని బిగ్ పిట్ బొగ్గు గని 1980లో మూతబడి, 1983లో సందర్శకుల కోసం తిరిగి తెరుచుకుంది. ఆ తరువాతి ఏడాది, గని కార్మికుల సమ్మె సాగుతున్న రోజుల్లోనే, మా తరగతిని అక్కడికి తీసుకువెళ్ళారు. దిగే ముందు చేతి గడియారాలు, అగ్గిపెట్టెలు, బ్యాటరీతో నడిచే వస్తువులు అన్నీ పైనే అప్పగించాలి; గనిలోని వాయువుకు చిన్న నిప్పురవ్వ చాలని చెప్పారు. తలకు హెల్మెట్, దానికి దీపం, నడుముకు బరువైన బ్యాటరీ కట్టి 90 మీటర్ల లోతుకు దింపారు. దారి చూపిన పెద్దాయన ఒకప్పుడు గనుల్లో పనిచేసినవాడే. 1842లో చట్టం వచ్చేదాకా ఐదారేళ్ళ పిల్లలు గనుల్లో తలుపులు తీసి మూయడానికి చీకట్లో గంటల తరబడి కూర్చునేవారని చెప్పి, మా అందరి దీపాలనూ ఆర్పించాడు. అటువంటి చీకటిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మమ్మల్ని తీసుకువెళ్ళిన మాస్టారు బడిలో బెత్తానికి పేరుమోసినవారు. మా తరగతిలో సగం మంది తండ్రులు అప్పుడు సమ్మెలో ఉన్నారు, ఇళ్ళలో డబ్బు లేదు. ఆ యాత్రకు కట్టలేని వారి డబ్బు ఆయన తన జేబులోంచి కట్టారని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆ తరువాతి వారమే మాలో ఒకడిని, తరగతిలో నవ్వినందుకు, అరచేతులు కదుములు కట్టేలా కొట్టారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడం నాకు ఈనాటికీ అర్థం కాదు. మీ బడుల్లో ఎలా ఉండేదో చెప్పండి.

ఫైఫ్‌తీరం:

లోయఇల్లు గారికి, మీది వేల్స్ గనుల ప్రాంతమైతే నాది స్కాట్లాండ్ గనుల ప్రాంతం. మా దగ్గర బెత్తం స్థానంలో మందమైన తోలు పట్టీ ఉండేది. దాని ఒక కొసను రెండు మూడు పాయలుగా చీల్చి ఉంచేవారు. ఫైఫ్‌లోని లాక్‌గెల్లీ అనే చిన్న పట్టణంలో గుర్రపు జీనులు చేసేవారు వీటిని తయారుచేసేవారు కనుక, స్కాట్లాండ్ అంతటా ఆ ఊరి పేరు పట్టీకే పేరైపోయింది. బరువును బట్టి వాటిలో రకాలు కూడా ఉండేవి. పిల్లవాడు రెండు చేతులూ చాచి ఒక అరచేతి కింద రెండో అరచేతిని ఆనించి నిలబడాలి. దెబ్బ మణికట్టు మీద పడకుండా చొక్కా చేతులు కిందికి లాక్కోమనే ఉపాధ్యాయులూ ఉండేవారు, అంతపాటి దయ లేనివారూ ఉండేవారు. ఆడపిల్లలకు మినహాయింపు లేదు. ఆలస్యానికి, మాట్లాడినందుకు, కొన్ని తరగతుల్లో అక్షరదోషాలకు కూడా పట్టీ దిగేది.

ఆ పట్టీ పోవడానికి కారణమైన వారిలో ఇద్దరు తల్లులున్నారు. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు కనుక వివరంగా రాస్తున్నాను. 1976లో కౌడెన్‌బీత్‌లో జెఫ్రీ కోసాన్స్ అనే విద్యార్థి బడి నుండి ఇంటికి వెళ్తూ, వెళ్ళకూడదన్న శ్మశానపు అడ్డదారిలో వెళ్ళబోయాడు. పట్టీ దెబ్బ తినాలని చెబితే, తండ్రి సలహా మేరకు చేయి చాచడానికి నిరాకరించాడు. బడి అతన్ని సస్పెండ్ చేసింది. దండనకు ఒప్పుకుంటేనే రానిస్తామన్నారు, తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, అతడు మళ్ళీ ఆ బడిలో అడుగుపెట్టనే లేదు. క్యాంప్‌బెల్ అనే మరొక తల్లి, తన కొడుకును కొట్టబోమని ముందే హామీ ఇవ్వమని అడిగితే అధికారులు ఇవ్వలేదు. ఇద్దరూ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు.

1982 ఫిబ్రవరిలో వచ్చిన ఆ తీర్పును జాగ్రత్తగా చదవాలి. ఆ పిల్లలిద్దరినీ నిజంగా కొట్టలేదు కనుక అమానుష దండన జరిగిందని న్యాయస్థానం అనలేదు. పిల్లల చదువు విషయంలో తల్లిదండ్రుల దృఢమైన విశ్వాసాలను ప్రభుత్వం గౌరవించాలి కనుక, పిల్లవాడిని కొట్టకూడదన్నది కూడా అటువంటి విశ్వాసమే కనుక, బ్రిటన్ తప్పు చేసిందని తేల్చింది. జెఫ్రీని బడికి రానివ్వకపోవడం అతని విద్యాహక్కును హరించడమేనని కూడా చెప్పింది. ఆ తీర్పుతో ప్రభుత్వం ఇరకాటంలో పడింది: ఒప్పుకోని తల్లిదండ్రుల పిల్లలను వదిలేసి, పక్క బెంచీలో కూర్చున్న వారిని మాత్రమే కొట్టే పద్ధతి ఏ బడిలోనూ నడవదు.

పాతబస్సు:

మంచి చర్చ మొదలుపెట్టారు. నేను ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్ ప్రాంతంలో చదివాను. యాత్రలంటే నాకు ముందు గుర్తుకు వచ్చేది కోచ్ బస్సు. తెల్లవారకముందే బడి గేటు దగ్గర చేరడం, వెనుక సీటు కోసం తోపులాట, ముందు వరుసలో కడుపు తిప్పే పిల్లల కోసం ఉంచిన ప్లాస్టిక్ బకెట్, పది గంటలకే మొదలయ్యే శాండ్‌విచ్‌ల వాసన. దిగాక ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని వరుసలో నడవాలి. లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం నడి హాల్లో డిప్లొడోకస్ అనే డైనోసార్ అస్థిపంజరం కింద నిలబడి, అట్టకు క్లిప్పుతో బిగించిన ప్రశ్నాపత్రం నింపడం ఎన్నటికీ మరువలేను. అది అసలు ఎముకలు కాదనీ, 1905లో లండన్‌కు వచ్చిన ప్లాస్టర్ నకలనీ తెలిశాక కూడా నాకు దాని మీద గౌరవం తగ్గలేదు.

స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయానికి మా అన్నయ్య తరగతి వెళ్ళినప్పుడు పిల్లలు రాళ్ళ మధ్య తిరిగారు. 1970ల చివరి నుండి తాడు కట్టి దూరంగా ఉంచడంతో మేము చుట్టూ నడిచి చూశాం. యార్క్‌లో 1984లో తెరిచిన యోర్విక్ వైకింగ్ కేంద్రంలో, చిన్న బండ్లలో కూర్చోబెట్టి వెయ్యేళ్ళ నాటి వీధి గుండా తీసుకుపోతూ ఆ వీధి కంపును కూడా ముక్కుకు చేరవేసేవారు. పాఠ్యపుస్తకంలోని వైకింగులు మరిచిపోయాను కానీ ఆ మరుగుదొడ్డి వాసన మరువలేదు.

అయితే ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. నలభై మంది పిల్లలను ఇద్దరు ఉపాధ్యాయులు లండన్ భూగర్భ రైళ్ళలో తిప్పి ఒక్కరినీ పోగొట్టుకోకుండా తిరిగి తెచ్చారంటే, దాని వెనుక భయం ఉంది. హెడ్మాస్టర్ గదిలో బెత్తం ఉందని అందరికీ తెలుసు. వ్యాయామ ఉపాధ్యాయుడి చేతిలో రబ్బరు అడుగున్న గుడ్డ బూటు ఉండేది. వంగమని ఒక్కటి వేస్తే ఆ వారమంతా తరగతి నిశ్శబ్దమే. దండం దశగుణం భవేత్ అని మన పెద్దలు ఊరకే అనలేదు. నాకూ దెబ్బలు పడ్డాయి, నేను చెడిపోలేదు.

సుద్దముక్క:

పాతబస్సు గారికి నమస్కారం. నేను 1970ల చివర హైదరాబాదు నుండి వచ్చి, లోపలి లండన్ (నగర మధ్య ప్రాంతపు) బడుల్లో సైన్సు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. మీరు చెప్పిన రెండు విషయాలనూ, అంటే బెత్తాన్నీ, వరుసలో నడిచే పిల్లలనూ, బల్లకు ఇవతలి వైపు నుండి చూశాను కనుక కొంచెం విపులంగా రాస్తాను.

మొదట కాలక్రమం చూద్దాం. 1967లో ప్రభుత్వ విద్యా సలహా సంఘం ఇచ్చిన ప్లౌడెన్ నివేదిక ప్రాథమిక పాఠశాలల్లో కొట్టడం మానాలని సిఫారసు చేసింది. లోపలి లండన్ విద్యాధికార సంస్థ 1973లో ప్రాథమిక బడుల్లో, 1981లో తన బడులన్నింటిలో దండనను నిషేధించింది. దేశవ్యాప్త చట్టం కంటే ఆరేళ్ళ ముందే మా బడిలో బెత్తం పోయింది. భయం వల్లే వరుసలు నిలిచాయన్నది నిజమైతే, 1981 తరువాత మేము పిల్లలను బయటికి తీసుకువెళ్ళగలిగేవాళ్ళం కాదు. మేము సైన్సు మ్యూజియానికి వెళ్ళాం, కేంబర్ ఇసుక తీరానికి వెళ్ళాం, పడవెక్కి ఫ్రాన్స్‌లోని బూలోన్‌కు వెళ్ళి వచ్చాం. ఎప్పుడూ ఒక్క బిడ్డ తప్పిపోలేదు.

వరుస ఎలా నిలుస్తుందో చెబుతాను. పదిమందికి ఒక పెద్దవారు ఉండాలి. ఆ పెద్దవారికి ఆ పదిమంది పేర్లూ, ఎవరికి ఉబ్బసం ఉందో, ఎవరు ఎవరితో పోట్లాడతారో ముందే తెలిసి ఉండాలి. ప్రతి మలుపు దగ్గరా లెక్కపెట్టాలి. చేతిలో ఏదో ఒక పని ఉండాలి. ఊరికే నడిపిస్తే పిల్లలు చెదిరిపోతారు. అల్లరివాడిని చివరన వదలకుండా మందుల పెట్టె మోసే బాధ్యత అప్పగించాలి. ఇది ఎంతో శ్రమతో కూడిన పని, దీనికి బెత్తం ఏ విధంగానూ పనికిరాదు. రైలు తలుపులు మూసుకునే క్షణంలో ఎవరిని కొడతారు?

ఇంకొక సంగతి. బెత్తం వాడినప్పుడల్లా బడిలో ఒక దండన పుస్తకంలో తేదీ, పేరు, తప్పు, ఎన్ని దెబ్బలు అన్నవి రాయాలి. నేను చేరిన కొత్తలో మా పాత పుస్తకం తిరగేశాను. పేజీ తరువాత పేజీలో అవే పేర్లు. ఒకే పిల్లవాడు ఒకే తప్పుకు ఏడాది పొడుగునా దెబ్బలు తింటూనే ఉన్నాడు. ఆ పుస్తకం రాసినవారు దాన్ని ఒక్కసారి మొదటి నుండి చివరిదాకా చదివి ఉంటే, ఆ మందు పనిచేయడం లేదని వారికే తెలిసేది. మీరు చెడిపోలేదన్న మాట నిజమే. కానీ మీరు ఒకటి రెండు దెబ్బలు తిన్న పిల్లవారు. ఆ పుస్తకంలో పదేపదే కనిపించే పిల్లలు పెద్దయ్యాక ఇటువంటి చర్చలకు వచ్చి తమ మాట చెప్పరు.

ఇకపోతే, యాత్రలు తగ్గింది బెత్తం పోయినందుకు కాదు. 1984 నుండి 1987 దాకా ఉపాధ్యాయులకూ ప్రభుత్వానికీ జీతాల మీద పెద్ద గొడవ జరిగింది. బడి వేళల తరువాతి పనులను సంఘాలు మానిపించాయి. శనివారపు ఆటలు, సాయంకాలపు నాటకాలు, యాత్రలు చాలాచోట్ల అప్పుడు ఆగిపోయి మళ్ళీ మొదలు కాలేదు. బెత్తం పోయింది కూడా ఆ ఏళ్ళలోనే కనుక జనం ఒకదానికి ఇంకొకటి కారణమనుకున్నారు.

చర్చ నిర్వాహకులు:

చర్చ చక్కగా సాగుతోంది. మీ అనుభవాల్లోని బడుల పేర్లు, ఉపాధ్యాయుల పేర్లు రాయవద్దని మనవి. న్యాయస్థానాల రికార్డుల్లో ఉన్న పేర్లకు అభ్యంతరం లేదు.

ఇసుకసీసా:

సుద్దముక్క గారూ, మీరు చెప్పినదంతా చదివాక నాకు మా టీచరుగారు గుర్తుకు వచ్చారు. ఆడపిల్లలను ఇంగ్లండ్‌లో అంతగా కొట్టేవారు కాదు. మాకు ఇంపొజిషను, సాయంత్రం ఆపివేయడం, అందరి ముందూ నిలబెట్టి మాటలనడం ఎక్కువ. నా ఇబ్బంది దండనతో కాదు, అనుమతి పత్రంతో. ప్రాథమిక బడి చివరి ఏడాది ఐల్ ఆఫ్ వైట్ దీవికి కొద్ది రోజుల యాత్ర ఉండేది. రాత్రిపూట ఆడపిల్ల ఇల్లు వదిలి ఉండడం మా నాన్నగారికి ససేమిరా ఇష్టం లేదు. పైగా ఖర్చు కూడా. పత్రం సంతకం లేకుండా వెనక్కి వెళ్ళింది.

ఒక సాయంత్రం టీచరుగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. ఆడపిల్లల గదులకు మగవారెవరూ రారనీ, తాను పక్క గదిలోనే పడుకుంటాననీ, మాంసం లేని భోజనం గురించి బస యజమానురాలికి ముందే ఉత్తరం రాశాననీ మా అమ్మకు నెమ్మదిగా చెప్పారు. అమ్మకు అప్పటికి ఇంగ్లీషు అంతగా రాదు, కానీ ఆ ఉత్తరం నకలు చూసి నమ్మకం కుదిరింది. నేను వెళ్ళాను. ఆలమ్ బే దగ్గర కొండచరియల్లోని రంగురంగుల ఇసుకను గాజు సీసాల్లో పొరలు పొరలుగా నింపుకుని రావడం ఆ తరం పిల్లలందరికీ తెలిసిన ఆనవాయితీయే.

వెళ్ళలేకపోయిన వారి గురించి కూడా చెప్పాలి. మా తరగతిలో కొందరు ఆ రోజుల్లో కింది తరగతి వెనుక బెంచీలో కూర్చుని లెక్కలు చేశారు, డబ్బు కట్టలేనందుకు మాత్రమే. తిరిగి వచ్చాక మేమంతా యాత్ర మీద వ్యాసం రాస్తుంటే వారు ఏమి రాయాలో ఎవరూ చెప్పలేదు. 1988 విద్యా సంస్కరణ చట్టం తరువాత బడి వేళల్లో జరిగే యాత్రకు రుసుము విధించకూడదు, స్వచ్ఛందంగా ఇవ్వమని అడగవచ్చు, ఇవ్వలేదని ఏ బిడ్డనూ వదిలి వెళ్ళకూడదు. చాలినంత డబ్బు రాకపోతే యాత్రే రద్దవుతుందన్న కష్టం దానిలో ఉంది. అయినా వెనుక బెంచీలో ఆ పిల్లలను చూసినదాన్ని కనుక ఆ చట్టం న్యాయమైనదనే అంటాను.

పాతబస్సు:

సుద్దముక్క గారూ, మీ అనుభవం ముందు నాది చిన్నదే, కానీ నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు మా మనవరాలి బడివారు పక్కనున్న పొలానికి తీసుకువెళ్ళడానికి కూడా పుటలకొద్దీ ప్రమాద అంచనా రాస్తున్నారు. మా కాలంలో ఒక మాస్టారు శనివారం తన సొంత వ్యానులో మమ్మల్ని పీక్ డిస్ట్రిక్ట్ కొండలకు తీసుకువెళ్ళేవారు. కాగితాలు లేవు. ఆ స్వేచ్ఛను, మాస్టారి మాటకున్న విలువను మనం పోగొట్టుకోలేదా?

మంచుదారి:

పాతబస్సు గారూ, ఆ స్వేచ్ఛ విలువ నాకూ తెలుసు, ఎందుకంటే నేను కొండలెక్కడం నేర్చుకున్నది అటువంటి మాస్టారి దగ్గరే. కానీ ఆ కాగితాలు ఊరికే రాలేదు.

1971 నవంబరులో ఎడిన్‌బరో బడి పిల్లల బృందం ఒకటి స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్ పీఠభూమి మీద మంచు తుఫానులో చిక్కుకుంది. చేరాలనుకున్న చిన్న ఆశ్రయం దొరకక ఆరుబయటే రాత్రులు గడిపారు. ఐదుగురు విద్యార్థులు, పద్దెనిమిదేళ్ళ శిక్షకురాలు ఒకామె చనిపోయారు. చలికాలంలో పిల్లలను కొండలకు తీసుకువెళ్ళేవారికి ఎటువంటి అర్హత ఉండాలన్న ప్రశ్న ఆ తరువాతే గట్టిగా లేచింది.

1993 మార్చి 22న లైమ్ రీజిస్ నుండి చార్‌మత్‌కు సముద్రం మీద చిన్న పడవల్లో బయలుదేరిన ప్లిమత్ విద్యార్థుల్లో నలుగురు మరణించారు. ఆ యాత్రను నడిపిన సాహస కేంద్రంలో అంతకుముందు పనిచేసిన ఇద్దరు శిక్షకులు, అక్కడి భద్రత బాగాలేదని యజమానికి ముందే ఉత్తరం రాశారు. మరుసటి ఏడాది ఆ సంస్థ మేనేజింగ్ డైరెక్టరుకు నరహత్య నేరం కింద జైలు శిక్ష పడింది. ఇంగ్లండ్‌లో ఒక కంపెనీయే నరహత్య నేరానికి దోషిగా తేలడం అదే మొదటిసారి. 1995లో సాహస కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

మీ మాస్టారి వంటివారి మాటకు విలువ ఉండేది, కాదనను. ఆయనకు ఆ కొండలు తెలుసో లేదో చూసేవారు మాత్రం అప్పట్లో ఎవరూ లేరు. బెత్తం విషయమూ అటువంటిదే కదా. ఎవరిని, ఎంత గట్టిగా, దేనికి కొట్టాలో ఒక్క మనిషి విచక్షణకు వదిలేశారు. లోయఇల్లు గారి మాస్టారు దయతో డబ్బు కట్టినా, కోపంతో కొట్టినా అడిగేవారు లేరు. మంచివాడైతే పిల్లల అదృష్టం, లేకపోతే లేదు. నా పిల్లలను అదృష్టానికి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఇసుకసీసా:

మంచుదారి గారు చెప్పినట్లే కాలం మారింది, కానీ పెద్ద యాత్రలు ఇచ్చిన ఆనందాన్ని తక్కువ చేయలేం. మా పక్కింటి అన్నయ్య ఎస్‌ఎస్ ఉగాండా ఓడ మీద వెళ్ళాడు. 1968 నుండి అది ముఖ్యంగా బడి పిల్లల కోసం మధ్యధరా సముద్రంలో తిరిగేది. కింద అంతస్తుల్లో వరుస మంచాల పడకగదులు, ఉదయం రాబోయే రేవు గురించి పాఠం, మధ్యాహ్నం ఆ రేవులో దిగి చూడడం. 1982 ఏప్రిల్‌లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి ప్రభుత్వం ఆ ఓడను అప్పటికప్పుడు స్వాధీనం చేసుకుంది. యాత్రలో ఉన్న పిల్లలను నేపుల్స్‌లో దింపి ఇళ్ళకు పంపి, జిబ్రాల్టర్‌లో దాన్ని ఆసుపత్రి ఓడగా మార్చారు.

ఫైఫ్‌తీరం:

చట్టం విషయం పూర్తి చేస్తాను. 1986 జూలై 22న పార్లమెంటులో దండన రద్దు 231కి 230 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. 1987 ఆగస్టు 15 నుండి అమలైంది. కొట్టిన ఉపాధ్యాయుణ్ణి నేరస్థుడిగా ప్రకటించడం ఆ చట్టం ఉద్దేశం కాదు. నష్టపరిహార దావాలో 'నేను క్రమశిక్షణ కోసం కొట్టాను' అని చెప్పుకునే వీలును తీసివేసింది, అంతే. పైగా అది ప్రభుత్వ ధనంతో చదివే పిల్లలకు మాత్రమే వర్తించింది. అందువల్ల ఒకే ప్రైవేటు బడిలో, ఒకే తరగతిలో, ప్రభుత్వం ఫీజు కట్టే పిల్లవాడిని కొట్టకూడదు, తండ్రి ఫీజు కట్టే పిల్లవాడిని కొట్టవచ్చు. ఏడేళ్ళ బాలుణ్ణి ప్రైవేటు బడి హెడ్మాస్టరు గుడ్డ బూటుతో మూడు దెబ్బలు కొట్టిన కేసులో, 1993లో స్ట్రాస్‌బర్గ్ న్యాయమూర్తులు ఐదుగురు అది హద్దు మీరలేదన్నారు, నలుగురు మీరిందన్నారు. ప్రైవేటు బడుల్లో నిషేధానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో 1998 చట్టం, స్కాట్లాండ్‌లో 2000 చట్టం కావలసి వచ్చాయి. ఉత్తర ఐర్లాండ్‌లో 2003 దాకా ఆగవలసి వచ్చింది. ఇంట్లో తల్లిదండ్రులు కొట్టడం స్కాట్లాండ్‌లో 2020 నుండి, వేల్స్‌లో 2022 నుండి నిషిద్ధం.

మన వైపు, భారతదేశంలో కూడా 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. గోడకుర్చీలు, గుంజీలు అయినా దాని కిందికే వస్తాయి. కాబట్టి దండం దశగుణం అన్న మాట రెండు దేశాల బడుల్లోనూ ఇక చెల్లదు, పాతబస్సు గారూ.

పాతబస్సు:

చట్టం సంగతి ఒప్పుకుంటాను. మా మాస్టారి వ్యాను సంగతి మాత్రం ఒప్పుకోలేను. ఆయన అక్కడి కిండర్ స్కౌట్ కొండ మీద దిక్సూచి చూడడం నేర్పకపోతే నేను సర్వేయరును అయ్యేవాణ్ణి కాను. మంచుదారి గారు అన్నట్లు అది నా అదృష్టమే అయితే, అటువంటి అదృష్టం అర్హత పత్రాలు ఉన్నవారి ద్వారానైనా ఈనాటి పిల్లలకు అందాలి. బడి బస్సులకు డబ్బు లేదని ఆ యాత్రలే మానేస్తే ఎన్ని కాగితాలు రాసి ఏం లాభం?

లోయఇల్లు:

అందరికీ కృతజ్ఞతలు. సుద్దముక్క గారూ, మీరు చెప్పిన దండన పుస్తకం గురించి ఒక ప్రశ్న. మా బడి మూతబడి చాలా ఏళ్ళైంది. దాని పుస్తకం చూడాలనుకుంటే వీలవుతుందా? నా స్నేహితుడు తన పేరు అందులో ఉందో లేదో తెలుసుకోవాలనుకుంటున్నాడు.

సుద్దముక్క:

లోయఇల్లు గారూ, మూతబడిన బడుల హాజరు పట్టీలు, దినచర్య పుస్తకాలు, దండన పుస్తకాలు చాలాచోట్ల ఆ జిల్లా రికార్డుల కార్యాలయానికి చేరాయి, పారవేసినవీ ఉన్నాయి. ముందు ఆ కార్యాలయం జాబితాలో బడి పేరు వెతకండి. బతికి ఉన్నవారి వివరాలు ఉంటాయి కనుక ఇటీవలి దశాబ్దాల పుస్తకాలను అందరికీ చూపరు. అయితే తన గురించి రాసినది చూపమని అడిగే హక్కు సమాచార రక్షణ చట్టం కింద మీ స్నేహితుడికి ఉంది. అభ్యర్థన ఆయన పేరుతోనే వెళ్ళాలి. బడిలో చేరిన, మానిన సంవత్సరాలు, అప్పటి చిరునామా రాసి, గుర్తింపు పత్రం జతచేయాలి. మిగిలిన పిల్లల పేర్లు కప్పివేసి ఆయన పేరున్న వరుసలు మాత్రమే నకలు ఇవ్వవచ్చు. ఉత్తరం రాయడంలో సహాయం కావాలంటే నాకు ఇక్కడే సందేశం పంపమనండి.